రాష్ట్రపతి అభ్యర్థి ‘మనవాడేనా?’ అన్నది అసలు ప్రశ్న కాదు



రాష్ట్రపతి ఎన్నిక దగ్గరపడిన ప్రతిసారీ మన యూనియన్ ఆఫీసుల బెంచీల మీద ఒక చర్చ సాగుతుంది. ఫలానా పార్టీ ఎవరిని నిలబెట్టాలి, ఎవరిని నిలబెడితే మనకు మంచిది అన్నది ఆ చర్చ. అందులో రెండు వాదాలు తప్పక వినబడతాయి. మొదటిది: “మనవాడు అయితే చాలు” అనే వాదం. మనవాడంటే ఒకరి దృష్టిలో మన భాషవాడు, ఇంకొకరి దృష్టిలో మన కులంవాడు, మరొకరి దృష్టిలో ఒకప్పుడు మన జెండా పట్టినవాడు. రెండవది: “రబ్బరు స్టాంపు పదవికి ఎవరైతేనేమి? కరువు భత్యం గురించి మాట్లాడండి” అనే వాదం.

ఈ రెండు వాదాలూ తప్పని మేము చెప్పదలచుకున్నాము. మొదటి వాదం మనల్ని మోసగిస్తుంది. రెండవ వాదం మనల్ని నిద్రపుచ్చుతుంది. 2022లో ఎన్నికైన రాష్ట్రపతి పదవీకాలం 2027 జులై వరకు. అంతకు ముందే పార్టీల అధిష్ఠాన వర్గాలు తలుపులు మూసుకుని పేర్లు పరిశీలిస్తాయి. కనుక ఈ విషయం రైల్వే, తపాలా ఉద్యోగులు ముందుగానే ఆలోచించవలసినది. ఇందుకు పుస్తకాలు వెదకనక్కరలేదు. మన చరిత్రే చాలు.

బెంగుళూరు సమావేశంలో మూడు పేర్లు

1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కొత్త రాష్ట్రపతి పదవికి ఎవరిని నిలబెట్టాలన్న విషయం తేల్చడానికి ఆ ఏడాది జులైలో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు బెంగుళూరులో సమావేశమయింది. ‘సిండికేట్’ అని పేరుపడిన నాయకులు లోక్‌సభ స్పీకరు నీలం సంజీవరెడ్డి పేరు తెచ్చారు. ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ పేరు ప్రతిపాదించారు. గిరి పేరు కూడా గాలిలో ఉండనే ఉంది. బోర్డులో సంజీవరెడ్డి పక్షమే నెగ్గింది. గిరి స్వతంత్ర అభ్యర్థిగా రంగంలోకి దిగారు. జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మరునాడు రాజీనామా చేశారు.

ఆ తరువాతి కథ అందరికీ తెలిసినదే. సంజీవరెడ్డి నామినేషన్‌ను తానే బలపరిచిన ప్రధాని, చివరకు అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమని తన పార్టీ సభ్యులకు సూచించారు. ఆగస్టు 16న పోలింగ్ జరిగింది. మొదటి ప్రాధాన్యపు ఓట్లలో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలిపిన తరువాత గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓట్ల విలువ తేలింది. అంత స్వల్పమైన తేడాతో గిరి గెలిచారు. ఆ ఏడాది నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలిపోయింది.

రైల్వే కార్మికులకు ఆ గెలుపు ఎంత ప్రీతిపాత్రమైనదో చెప్పనక్కరలేదు. గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడు. 1927 ఖరగ్‌పూర్ పోరాటాన్ని నడిపినవారు. అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య నిర్మాతలలో ఒకరు. ఎ.ఐ.టి.యు.సి. అధ్యక్షపీఠం అలంకరించినవారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజానే ఓడించిన ధీరుడు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చివేసినప్పుడు 1954లో మంత్రి పదవినే వదులుకున్నారు. మంత్రి పదవి కోసం కార్మికులను వదులుకున్నవారిని ఎందరినో చూశాము. కార్మికుల కోసం మంత్రి పదవి వదులుకున్నవారు ఈ దేశంలో ఎందరున్నారు? ఆయనను మేము ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడము. మనవాడు అన్న మాటకు అర్థమేదైనా ఉంటే, అది గిరికి వర్తించినంతగా మరెవరికీ వర్తించదు.

సరిగ్గా ఆ కారణం చేతనే ఆయన ఉదాహరణను ఎదుట పెట్టుకుని ఆలోచించమని కోరుతున్నాము.

మూడు పేర్లు, మూడు సమ్మెలు

బెంగుళూరులో చర్చకు వచ్చిన ఆ ముగ్గురి పేర్ల పక్కన మన మూడు సమ్మెలను రాసి చూడండి.

1960 జులైలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల సార్వత్రిక సమ్మె జరిగింది. రైల్వే, తంతి తపాలా ఉద్యోగులు ముందు వరుసలో నిలిచారు. సమ్మెను నిషేధిస్తూ అత్యవసర సేవల ఆర్డినెన్సు వచ్చింది. అప్పటి రైల్వే మంత్రి జగ్జీవన్‌రామ్. స్వతంత్ర భారతదేశపు మొదటి కార్మిక మంత్రి కూడా ఆయనే.

1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలయింది. ఎనిమిది గంటల పని, బోనసు, వేతన సమానత్వం అడిగిన నేరానికి వేలాది కార్మికులు జైళ్ళలో పడ్డారు. జార్జి ఫెర్నాండెజ్‌ను సమ్మెకు ముందే, మే 2న అరెస్టు చేశారు. కుటుంబాలను క్వార్టర్ల నుండి వీధిలోకి నెట్టారు. ఉద్యోగాలు పోయాయి. ఆ దమనకాండకు ఆయుధమైన డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్, 1971 డిసెంబరు 3న యుద్ధం వల్ల ప్రకటించిన అత్యవసర పరిస్థితి మీద ఆధారపడి నిలిచాయి. యుద్ధం రెండు వారాలలో ముగిసింది. అత్యవసర పరిస్థితి మాత్రం రెండున్నర ఏళ్ళ తరువాత కూడా ముగియలేదు. ఆ ప్రకటన వెలువడినప్పుడూ, ఆ మే నెలలోనూ రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఎవరు? మన గిరి.

1981 జులైలో అత్యవసర సేవల నిర్వహణ ఆర్డినెన్సు మళ్ళీ వచ్చింది. రైళ్ళు, తంతి తపాలా, టెలిఫోన్లు, రేవులు అన్నీ దాని కిందికి వచ్చాయి. సమ్మెకు పిలుపునిచ్చినవాడు నేరస్థుడు, వెళ్ళినవాడు నేరస్థుడు, చందా ఇచ్చినవాడూ నేరస్థుడే. దాని మీద సంతకం చేసిన రాష్ట్రపతి సంజీవరెడ్డి. 1969లో ఓడిన ఆయన 1977లో పోటీ లేకుండా ఎన్నికయ్యారు.

కాబట్టి మిత్రులారా, ఆ మూడు పేర్లలో ఎవరిని ఎంపిక చేయాలా అని 1969లో దేశమంతా రెండుగా చీలి వాదించుకున్నది. మన లోకో షెడ్డులో, మన సార్టింగు ఆఫీసులో పనిచేసేవాడికి ఆ ముగ్గురి హయాములలోనూ ఒకే అనుభవం మిగిలింది. ఇందులో వ్యక్తుల నిజాయితీని శంకించడం మా ఉద్దేశం కాదు. చేయి ఎవరిదైనా, కలాన్ని నడిపింది మంత్రివర్గమే. ఆ వాస్తవాన్ని మరచి ‘మనవాడు వచ్చాడు, ఇక మనకు భయం లేదు’ అనుకున్నది మనమే.

ఆనాటి చర్చలో లోపం ఎక్కడ ఉంది? అభ్యర్థి ఎంపిక తగాదా అంతా ప్రధాని పీఠం చుట్టూ తిరిగింది. రాష్ట్రపతిని చేతిలో పెట్టుకుని ప్రధానిని దించవచ్చునా అని ఒక పక్షం, దించకుండా ఆపవచ్చునా అని మరొక పక్షం లెక్కలు వేసుకున్నాయి. అప్పటికి పది నెలల క్రితమే, 1968 సెప్టెంబరు 19న, అవసరాల ప్రాతిపదికన కనీస వేతనం కోరి కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఒక్క రోజు సమ్మె చేశారు. దానిని అణచడానికీ ఆర్డినెన్సే వచ్చింది. దాని మీద సంతకం విద్యావేత్తగా, సౌమ్యుడుగా పేరుపొందిన జాకిర్ హుస్సేన్‌ది. పఠాన్‌కోట్‌లో కార్మికుల ప్రాణాలు పోయాయి. ఆ నెత్తురు తడి ఆరకముందే జరిగిన ఎన్నికలో ‘అటువంటి ఆర్డినెన్సు మళ్ళీ వస్తే మీరేమి చేస్తారు?’ అన్న ప్రశ్న ఏ పక్షానికీ జెండా కాలేదు. ఆ ప్రశ్నను ఎన్నికల అంశంగా నిలబెట్టవలసినది మనమే కదా! మనం జయజయధ్వానాలతో సరిపెట్టుకున్నాము.

రబ్బరు స్టాంపు వాదానికి మా జవాబు

ఇంతవరకు చెప్పినది విని రెండవ వాదం మిత్రులు సంతోషించవచ్చు. “మేము చెప్పినదీ అదే కదా! ఎవరైనా ఒక్కటే కదా!” అనవచ్చు. అది కూడా నిజం కాదు.

రాష్ట్రపతి మంత్రివర్గ సలహాకు బద్ధుడన్న మాట వాస్తవం. 1976 నాటి 42వ సవరణ ఆ విషయాన్ని స్పష్టంగా రాసింది. అయితే 1978 నాటి 44వ సవరణ ఒక వెసులుబాటు కల్పించింది. మంత్రివర్గ సలహాను ఒకసారి పునరాలోచనకు తిప్పి పంపవచ్చు. 111వ అధికరణం ప్రకారం ద్రవ్య బిల్లు కాని బిల్లును ఒకసారి పార్లమెంటుకు తిప్పి పంపవచ్చు. 78వ అధికరణం ప్రకారం ప్రధాని నుండి సమాచారం కోరవచ్చు. 123వ అధికరణం కింద ఆర్డినెన్సు జారీ చేయాలంటే తక్షణ చర్య అవసరమని రాష్ట్రపతికి తృప్తి కలగాలి. ఇవి చిన్న అధికారాలే. కాని చిన్న బ్రేకు కూడా బండిని నిలబెట్టగలదని గార్డుగా పనిచేసినవారికి మేము చెప్పాలా?

తపాలా సోదరులు ఒక ఉదంతాన్ని మరచిపోరాదు. 1986లో పార్లమెంటు ఉభయసభలూ భారత తపాలా కార్యాలయాల సవరణ బిల్లును ఆమోదించాయి. ఉత్తరాలను మధ్యలో ఆపి తెరచి చూసే అధికారాన్ని ప్రభుత్వానికి విస్తరించే బిల్లు అది. జనం నమ్మకంతో మన చేతిలో పెట్టిన కవరును మన చేతనే పోలీసులకు అప్పగింపజేసే బిల్లు. రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ దాని మీద సంతకం చేయలేదు, తిప్పి పంపనూ లేదు. అలాగే అట్టిపెట్టారు. తరువాతి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ 1990లో దానిని పునరాలోచనకు తిప్పి పంపారు. ఆ బిల్లు చట్టం కాకుండానే పోయింది. పాలక పక్షానికి విధేయుడన్న పేరుతోనే 1982లో జైల్‌సింగ్ ఎంపికయ్యారు. ఆ సంతకం నిలుపు చేస్తారని ఆయనను నిలబెట్టినవారు కలలోనైనా ఊహించి ఉండరు. అంటే మనకు దక్కిన మేలు అదృష్టవశాత్తు దక్కినదే.

దీనికి ఎదురుగా మరొక రాత్రిని నిలబెట్టి చూడండి. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటన మీద ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేసే వేళకు మంత్రివర్గం సమావేశం కానే లేదు. మరునాడు ఉదయం ఆమోదించింది. ‘మంత్రివర్గం తీర్మానం ఏది?’ అని ఒక్క మాట అడిగి ఉంటే చరిత్ర మారేదని మేము అనము. కాని అడగవలసిన మాట ఒకటి ఉన్నది, అడగవలసిన కుర్చీ ఒకటి ఉన్నది. కుర్చీలో ఉన్నవారు అడగలేదు. 1969 బెంగుళూరు సమావేశంలో ప్రధాని పక్షాన నిలిచినవారిలో ఆయన ఒకరు. 1974లో పాలక పక్షం అభ్యర్థిత్వం ఆయనకు లభించినప్పుడు ఏ గుణాన్ని చూసి ఎంపిక చేశారో పాఠకులే ఊహించుకోవచ్చు.

2002లో ఎన్నికల సంస్కరణల ఆర్డినెన్సును ఎ.పి.జె. అబ్దుల్ కలాం తిప్పి పంపారు. మంత్రివర్గం మళ్ళీ పంపగా సంతకం చేశారు. ఫలితం మారలేదు కదా అని పెదవి విరిచేవారున్నారు. కాని మూసిన గదిలో జరిగిన పని పత్రికలకెక్కింది. జనం చర్చించారు. కార్మికోద్యమానికి కావలసినది తరచుగా ఆ కొద్ది రోజుల వ్యవధే.

ఆ వ్యవధి లేకపోతే ఏమవుతుందో 2020లో చూశాము. ప్రతిపక్షం సభను బహిష్కరించి బయట ఉండగా, పారిశ్రామిక సంబంధాల కోడ్‌తో సహా మూడు కార్మిక కోడ్‌లు సెప్టెంబరు 23న రాజ్యసభ దాటాయి. సెప్టెంబరు 28న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. పధ్నాలుగు రోజుల నోటీసు లేనిదే ఏ పారిశ్రామిక సంస్థలోనూ సమ్మె చేయరాదన్న నిబంధనకు అయిదు రోజులలో ఆమోదం! అలాగే 1986లో ఆగిపోయిన ఆ పాత ఆలోచన 2023 పోస్టాఫీసు చట్టంలోని 9వ సెక్షన్ రూపంలో తిరిగి వచ్చింది. 2023 డిసెంబరు 18న లోక్‌సభ ఆమోదించింది. 24న రాష్ట్రపతి ఆమోదం లభించింది. 2024 జూన్ 18 నుండి అమలులోకి వచ్చింది. ఈసారి ఏ కలమూ ఆగలేదు.

అసలు ఎన్నిక ఎక్కడ జరుగుతున్నది?

1969లో రాష్ట్రపతి పదవికి 15 మంది పోటీ చేశారు. ఇప్పుడు అభ్యర్థికి 50 మంది ప్రతిపాదకులు, 50 మంది బలపరిచేవారు కావాలి. వారందరూ ఓటర్లే, అనగా ఎన్నికైన పార్లమెంటు సభ్యులో శాసనసభ్యులో కావాలి. పెద్ద పార్టీ అండ లేనివాడు నామినేషను కూడా వేయలేడు. కాబట్టి అసలు ఎన్నిక పోలింగు రోజున కాదు, పార్టీ అధిష్ఠానం పేరు ప్రకటించే ముందు రోజునే జరుగుతున్నది. పేరు బయటకు వచ్చిన తరువాత మనం చేసే తీర్మానాలు బండి కదిలిన తరువాత ప్లాట్‌ఫారం మీద ఊపే పచ్చజెండాల వంటివి.

పార్టీలు ఏ లెక్కతో పేర్లు ఎంచుతున్నాయో చూస్తూనే ఉన్నాము. 1997లో కె.ఆర్. నారాయణన్, 2007లో ప్రతిభా పాటిల్, 2022లో ద్రౌపది ముర్ము ఎన్నికైనప్పుడు, శతాబ్దాలుగా గడప బయట నిలబెట్టిన ప్రజల బిడ్డలు ఆ గడప దాటారు. అందుకు మేము సంతోషించాము, ఆ సంతోషం దాచుకోవలసినది కాదు. దళితుడు, స్త్రీ, ఆదివాసీ ఆ పీఠం ఎక్కడం న్యాయం. కాని ఆ న్యాయాన్ని చూపించి, సంతకం గురించి ప్రశ్న అడగవద్దనడం అన్యాయం. నారాయణన్ 1997లో ఉత్తరప్రదేశ్ విషయంలోనూ, 1998లో బీహారు విషయంలోనూ రాష్ట్రపతి పాలన సిఫారసును తిప్పి పంపారు. ఆయనను గౌరవించడమంటే ఆయన పుట్టుకను మాత్రమే కాదు, ఆ రెండు నిర్ణయాలను కూడా గుర్తుంచుకోవడం.

“రాష్ట్రపతి పార్టీలకు అతీతుడు, ముందుగా హామీలు అడగడం మర్యాద కాదు” అని కొందరు పెద్దలు అనవచ్చు. అభ్యర్థి రాజ్యాంగాన్ని ధిక్కరించాలని మేము కోరడం లేదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కును ఒక్కసారి వినియోగిస్తారా అని మాత్రమే అడుగుతున్నాము. 1967లో ప్రతిపక్షాలు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసిన కోకా సుబ్బారావును నిలబెట్టాయి. ప్రాథమిక హక్కుల మీద ఆయన అభిప్రాయమేమిటో గోలక్‌నాథ్ తీర్పు ద్వారా దేశమంతటికీ తెలుసు. ఆయనతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కాని అభిప్రాయం తెలిసిన అభ్యర్థిని ఓడించడం గాని గెలిపించడం గాని ప్రజాస్వామ్యం. అభిప్రాయం తెలియని అభ్యర్థిని పొగడడం భజన.

మనం అడగవలసిన మూడు ప్రశ్నలు

పాలక పక్షమైనా ప్రతిపక్షమైనా, అభ్యర్థి పేరు తేల్చకముందే ప్రతి పార్టీ ముందు ఈ మూడు ప్రశ్నలు పెట్టాలని మేము ప్రతిపాదిస్తున్నాము.

ఒకటి: సమ్మెను నిషేధించే ఆర్డినెన్సు మీ అభ్యర్థి ముందుకు వస్తే, చర్చలు జరిగాయా లేదా అని ప్రభుత్వాన్ని అడిగి, ఒకసారి పునరాలోచనకు పంపుతారా?

రెండు: ప్రతిపక్షం లేని సభలో ఆమోదం పొందిన కార్మిక బిల్లును, పౌరుని ఉత్తరం తెరిచే బిల్లును ఒకసారి పార్లమెంటుకు తిప్పి పంపుతారా?

మూడు: కేంద్ర కార్మిక సంఘాలు విజ్ఞప్తి చేసుకుంటే వాటికి సమయమిచ్చి విని, 78వ అధికరణం కింద ప్రభుత్వాన్ని సమాచారం అడుగుతారా?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల అభ్యర్థి ఏ భాషవాడైనా, ఏ కులంవాడైనా, ఏ వృత్తివాడైనా మనకు అభ్యంతరం లేదు. జవాబు చెప్పలేని అభ్యర్థి మన యూనియన్ మాజీ అధ్యక్షుడే అయినా మనకు ప్రయోజనం లేదు.

ప్రతి బ్రాంచీ, ప్రతి డివిజనూ ఈ ప్రశ్నలను సర్వసభ్య సమావేశంలో చర్చించి, తీర్మానంగా ఆమోదించి, తమ ప్రాంతపు పార్లమెంటు సభ్యునికీ శాసనసభ్యునికీ ప్రతినిధివర్గంగా వెళ్ళి అందజేయాలి. రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు ఆయనే. ఆ ఓటరుకు ఓటర్లం మనం. ఇచ్చిన జవాబును రాసుకుని వచ్చి నోటీసు బోర్డు మీద అంటించాలి. జవాబు ఇవ్వకపోతే, ఇవ్వలేదని అంటించాలి.

1969లో గిరి గెలిచినందుకు మన పెద్దలు మిఠాయిలు పంచుకున్నారు. 1974లో ఆ చేతులకే బేడీలు పడ్డాయి. ఆ తరం చేసిన త్యాగానికి మనం చెల్లించవలసిన బాకీ ఒకటున్నది. వారు వేయని ప్రశ్నను మనం వేయాలి. మిఠాయిలు తరువాత పంచుకుందాము.